కరోనా కాలంలో మన ఊరి అభ్యుదయవాదుల తీరు గురించి అడగాల్సిన మాట

తేరువీధి గాజులంగడి | 2021 జూలై 18, రాత్రి 9:40

శానా దినాలుగా మనసులో పెట్టుకోని ఉండా. ఈ రోజు రాస్తా ఉండా. ఎవురినీ పేరు పెట్టి అనను, మీరు గూడా అడగొద్దండి.

తిరుపతిలో మాకొక పుస్తకాల గ్రూపు ఉండాది. లెక్చరర్లు, వకీళ్లు, బ్యాంకులో చేసేవాళ్లు, నా మాదిరి అంగడోళ్లు ఇద్దరు ముగ్గురు. నేను ఇంటర్‌తో ఆపేసినోణ్ణి. చదివేది, ప్రశ్న అడిగేది ఆ గ్రూపులోనే నేర్చుకున్నా. ఆ రుణం ఉండాది కాబట్టే నొప్పి గూడా జాస్తి.

2020 మార్చి 20న కొండ మీద దర్శనం ఆపేసినారు. తిరుపతిలో అంగడి పెట్టుకున్నోడికి దాని అర్థం ఏందో చెప్పే పని లేదు. గాజులు, బొమ్మలు, పూలు, లాడ్జీలో రూం బాయ్, అలిపిరి జీపు డ్రైవరు, అందరూ ఒక్క దినంలో ఇంట్లో కూర్చున్నారు. 22వ తేదీ, జనతా కర్ఫ్యూ దినం, సాయంత్రం మా అమ్మ పళ్లెం, గరిటె తీసుకోని మిద్దె మీదికి పోయింది. నేను గూడా పోయినా. ఆ రాత్రి గ్రూపులో పళ్లేలు కొట్టినోళ్లను ఎన్ని మాటలన్నారో! మా అమ్మ కొట్టింది వైరస్ చచ్చిపోతుందని కాదు. ఎదురింట్లో ఒక నర్సమ్మ ఉంది, ఆ యమ్మ డ్యూటీకి పోతా ఉంటే చూసి కొట్టింది. ఆ మాట నేను రాస్తే ఎవురూ చదవను గూడా చదవలా.

జూన్ 8 నుంచి మొదట టీటీడీ ఉద్యోగులకు, ఊరోళ్లకు, 11 నుంచి అందరికీ దర్శనం మొదలైంది. గ్రూపులో పోస్టు మీద పోస్టు. దేవుడి పేరు చెప్పి జనాన్ని చంపుతారా అని. జూలైలో అర్చకులకు సోకింది, ఊరు మళ్లీ మూసినారు. వాళ్ల భయం వట్టిది కాదని నేనే గ్రూపులో రాసినా.

నవంబర్ 26న కొత్త సాగు చట్టాలు వద్దని రైతులు ఢిల్లీకి బయలుదేరినారు. ఢిల్లీ పొలిమేర సింఘు, టిక్రీ దగ్గిర వేలకు వేలు జనం. అదే గ్రూపులో, అదే మనుషులు, ఆ ఫొటోలు పెట్టి ఒళ్లు పులకరిస్తోంది అని రాసినారు. మాస్కు గురించి ఒక్క మాట లేదు. నేను రైతులకు ఎదురు కాదు సామీ. మా నాయన చంద్రగిరి పక్క రెండెకరాల్లో చెరుకేసి బెల్లం వండినోడు. నేను అడిగింది ఒకటే: "జూన్‌లో గుంపు తప్పయితే డిసెంబర్‌లో గుంపు ఎట్ల ఒప్పయింది సార్?" ఒకాయన "నీలో ఇంత విషం ఉందనుకోలేదు" అన్నాడు. పొద్దున లేచి చూస్తే నేను గ్రూపులో లేను.

కొనేటప్పుడు ఒక సేరు, అమ్మేటప్పుడు ఒక సేరు పెడితే అంగట్లోనే ఒప్పుకోరు. అభ్యుదయం అంటే అందరికీ ఒకటే కొలత అని నాకు చెప్పింది వాళ్లే. మీకూ ఇట్లాటివి జరిగుంటే రాయండి.

మదనపల్లె టమోటా | రాత్రి 10:05

అన్నా, నువ్వు రాసింది నిజం. 2020 ఏప్రిల్‌లో మా కాయ కదల్లా. తమిళనాడు వేలూరు జిల్లా వాళ్లు గుడియాత్తం దారిలో రోడ్డుకు అడ్డంగా గోడే కట్టేసినారు. తర్వాత కూల్చినారు గానీ ఆ గోడ చూసిన దినం నేను అన్నం తినలా. మే నెలలో చెన్నై కోయంబేడు మార్కెట్‌లో కరోనా అంటుకునింది. అక్కడికి లోడు తోలిన డ్రైవర్లను ఊర్లోకి రానీలా. మా ఊరి డ్రైవరు మామిడితోపులో పద్నాలుగు దినాలు పండుకున్నాడు. డిసెంబర్‌లో రైతు కోసం రాసిన దాంట్లో సగం ఏప్రిల్‌లో మా కోసం రాసింటే ఎవురో ఒక అధికారి చెవిన పడుండు.

రాత్రి డ్యూటీ | రాత్రి 11:52

గాజులంగడి అన్నకు నమస్కారం. మీ ఎదురింటి నర్సు నేను కాదు, కానీ అమ్మగారికి నా దండం చెప్పండి.

ఒక విషయం మాత్రం సరిచేయాలి. క్యూ కాంప్లెక్స్ లాంటి మూసిన హాల్లో గంటల తరబడి కూర్చోవడం, బయట రోడ్డు మీద టెంటు వేసుకోవడం రెండూ ఒకటి కాదు. ఈ వైరస్ గాలి ఆడని చోట ఎక్కువ అంటుకుంటుంది. ఆరుబయట ప్రమాదం తక్కువ, లేదని కాదు. మీ గ్రూపులో ఎవరైనా ఇంత మాట చెప్పి ఉంటే మీకు జవాబు దొరికేది. వాళ్లు చెప్పకుండా మిమ్మల్ని తీసేశారు. అది తప్పే.

నా సంగతి చెప్తాను. నేను అద్దెకున్న ఇంటి ఓనర్ సభల్లో మాట్లాడతాడు, పత్రికలకు రాస్తాడు, మా డాక్టర్లకూ నర్సులకూ జేజేలు పలుకుతూ కవిత కూడా రాశాడు. నాకు కోవిడ్ వార్డు డ్యూటీ పడిన వారానికి, పిల్లలున్న ఇల్లమ్మా, వేరే చూసుకో అన్నాడు. సామాను ఆటోలో వేసుకుని హాస్టల్‌కు పోయాను. ఆయన భయపడ్డాడు, అందరూ భయపడ్డారు, దానికి నాకు కోపం లేదు. కవిత ఇంకా ఆయన పేజీలో ఉంది. దాన్ని చూస్తే మాత్రం ఇప్పటికీ కడుపు మండుతుంది.

బాలాజీ కాలనీ రిటైర్డ్ | జూలై 19, ఉదయం 6:15

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు, జనం చస్తుంటే మాటల మీద పంచాయితీలు పెట్టిన వాళ్లను నేనూ చూశాను. "సామాజిక దూరం" అనకూడదట, "భౌతిక దూరం" అనాలట. దాని మీద రెండు రోజులు యుద్ధం. ఏ మాట అంటే ఏం, ఆరడుగులు ఎడంగా నిలబడితే చాలదా?

ఇంకొకటి. జూన్ వస్తే ఇంద్రధనుస్సు జెండా పెట్టి, ఆడామగా తేడాలు దాటాలని ఇంగ్లీషులో రాస్తారు. మంచిదే. మన గంగ జాతరలో మగవాళ్లు చీర కట్టి, జడ వేసుకుని, కాటుక పెట్టుకుని వీధుల్లో తిరిగి మొక్కు తీర్చుకుంటారు. మా తాత తిరిగాడు, నేను తిరిగాను. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, చివరికి మాతంగి వేషం. దాన్ని మాత్రం వీళ్లే మూఢనమ్మకం అంటారు. రెండేళ్లుగా జనం లేకుండానే జాతర అయిపోతోంది. తాతయ్యగుంట గంగమ్మ గుడి వైపు వెళితే గుండె పట్టేసినట్టుంటుంది. ఆ బాధ మీద ఒక్క వాక్యం వాళ్లలో ఎవరైనా రాశారా?

ఊరవతల | ఉదయం 8:30

పెద్దాయనా, జాతర గురించి మీరు చెప్పింది నాకు నచ్చింది. మాట గురించి చెప్పింది మాత్రం ఒప్పుకోను.

మాది పుత్తూరు పక్క పల్లె. మా పేట ఊరికి అవతల ఉంటుంది. సామాజిక దూరం అంటే మాకు 2020లో కొత్తగా నేర్పిన పాఠం కాదు. మా నాయన చిన్నప్పుడు టీ బంకులో వేరే గ్లాసు. ఆ గ్లాసు పోవడానికి ఎన్ని కొట్లాటలు జరిగినాయో మా పేటలో అందరికీ తెలుసు. లాక్‌డౌన్‌లో ఏమైందంటే, కరోనా కదా అని చెప్పి మళ్లీ మా వాళ్లకు మాత్రం దూరంగా పోసినారు. చెంబు ఎత్తి పై నుంచి పోయడం. పక్కన ఉన్న వాళ్లకు చేతికే గ్లాసు ఇచ్చినారు. అదే వైరస్, అదే బంకు.

ఇంకా పైన ఏమన్నారో తెలుసా? "చూసినారా, మన పెద్దలు మడి, అంటు అని ముందే చెప్పినారు, ఇప్పుడు సైన్సు ఒప్పుకుంటోంది" అని. ఆ మెసేజీ మీ ఫోన్‌కూ వచ్చే ఉంటుంది. అంటరానితనాన్ని ఆరోగ్య సూత్రం చేసేసినారు. అందుకే ఆ మాట మీద మేం కొట్లాడినాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020 మార్చిలోనే భౌతిక దూరం అనే మాట వాడటం మొదలుపెట్టింది, మనుషులు ఒంటికి ఎడంగా ఉన్నా మనసుకు దగ్గరగా ఉండాలని. నాకు ఆ రెండు రోజుల యుద్ధం చాలా చిన్నది. ఇంకా రెండు నెలలు చేయాల్సింది.

తేరువీధి గాజులంగడి | ఉదయం 9:10

తమ్ముడూ, ఆ చెంబు మాట చదివినాక నేను ఇంకేమీ అనలేను. మా గ్రూపులో ఆ చర్చ జరిగినప్పుడు నేను గూడా పెద్దాయన మాదిరే అనుకున్నా. అక్కడ ఎవురూ చెంబు గురించి చెప్పలా. ఏవేవో పెద్ద పెద్ద మాటలు చెప్పినారు. నీ మాదిరి చెప్పింటే నాకు అప్పుడే అర్థమయ్యుండు.

కాణిపాకం నుంచి కాలిఫోర్నియా | ఉదయం 10:40

ఇక్కడ రాత్రి. నిద్ర పట్టక చదువుతున్నాను.

ఈ జబ్బు తిరుపతిది మాత్రమే కాదు. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు మోకాలితో తొక్కి చంపాడు. జనం వీధుల్లోకి వచ్చారు. రావాల్సిందే, నేనూ మా ఊళ్లో ఒక ఊరేగింపులో నడిచాను. కానీ అంతకు రెండు నెలల ముందు నుంచి చర్చికి పోవద్దు, అంత్యక్రియలకు పోవద్దు అని చెప్పిన ఆరోగ్య రంగం వాళ్లే, వెయ్యి మందికి పైగా, ఈ ఊరేగింపులను ఆపకూడదని బహిరంగ లేఖ మీద సంతకాలు పెట్టారు. జాతి వివక్ష కూడా ప్రజారోగ్య సమస్యే అన్నారు. ఆ మాట నిజమే. కానీ మా వీధిలో ఒకాయన తల్లి అంత్యక్రియలను ఫోన్‌లో చూశాడు. ఆయన ముందు ఆ లేఖను నేను సమర్థించలేకపోయాను.

శాన్‌ఫ్రాన్సిస్కోది ఇంకో కథ. 2021 జనవరి 26న అక్కడి స్కూల్ బోర్డు 44 బడుల పేర్లు మార్చాలని 6–1 ఓట్లతో తీర్మానించింది. బానిసత్వంతో, అణచివేతతో సంబంధం ఉన్న వాళ్ల పేర్లు తీసేయాలని. అందులో బానిసత్వాన్ని రద్దు చేసిన లింకన్ పేరూ ఉంది. అప్పటికి అక్కడి ప్రభుత్వ బడులు మూసి పది నెలలు. పిల్లలు గదుల్లో లేరు, గేటు మీది బోర్డు గురించి ఓటింగ్! ఆ ఊరి మేయరే తప్పుబట్టింది. తలా ఒక మాట అన్నాక ఏప్రిల్‌లో ఆ తీర్మానం వెనక్కి తీసుకున్నారు. మేముండేది పక్క ఊళ్లో. మా బిడ్డ రెండో తరగతి మొత్తం వంటింటి బల్ల మీద లాప్‌టాప్ ముందే గడిచింది. అక్షరాలు కలిపి చదవడం మా ఆవిడ నేర్పింది. నేను ఇక్కడ ఓటేసేది అభ్యుదయం వైపే, ఇప్పటికీ. అందుకే ఎక్కువ బాధ.

నల్లకలువ | మధ్యాహ్నం 12:20

పేర్లు మార్చడం గురించి నేను కూడా చెప్పాలి. 1975 నుంచి అమ్ముతున్న ఫెయిర్ అండ్ లవ్లీ పేరును 2020లో గ్లో అండ్ లవ్లీగా మార్చారు. అమెరికా గొడవల తర్వాతే. మా కాలేజీ గ్రూపులో అందరూ పండగ చేసుకున్నారు. ఆ నెలలోనే నాకు పెళ్లిచూపులు, వీడియో కాల్‌లో. లైటు ముఖం మీద పడేట్టు కూర్చోమని మా పిన్ని మూడు సార్లు కుర్చీ జరిపింది. వాళ్లు "ఫోన్‌లో రంగు తెలియడం లేదు, లాక్‌డౌన్ అయ్యాక వచ్చి చూస్తాం" అన్నారు.

పేరు మారడం తప్పని నేననను. పదేళ్ల పిల్ల ఇకపై డబ్బా మీద ఆ మాట చదవదు, అది కొంత నయమే. కానీ పండగ చేసుకున్న వాళ్లలో ఒక అక్క తమ్ముడికి సంబంధాలు చూస్తూ "అమ్మాయి కలర్ ఎలా ఉంటుంది" అని నన్నే అడిగింది. ఏం చెప్పాలో తెలియక ఫోన్ పెట్టేశాను.

ఎస్వీయూ పాత హాస్టల్ | మధ్యాహ్నం 1:05

చదివే కొద్దీ కోపం వస్తోంది. తప్పులు చేశాం, సరే. మీరు చేసిన వాటి లెక్క ఎక్కడ?

2020 ఏప్రిల్‌లో ఢిల్లీ తబ్లిగీ జమాత్ సమావేశం పేరు చెప్పి ముస్లింల బండి మీద పండ్లు కొనొద్దని మెసేజీలు తిప్పింది అభ్యుదయవాదులా? ఏడాది తిరక్కుండానే తిరుపతిలో కన్నబిడ్డలు కూడా దగ్గరికి రాని శవాలను ముస్లిం యువకులు మోశారు. హిందువు అయితే హిందువుల పద్ధతిలోనే దహనం చేయించారు. గోవిందధామం శ్మశానం దగ్గర నేను కళ్లారా చూశాను. ఆ మెసేజీలు పంపిన వాళ్లలో ఒక్కరైనా తప్పయిందని రాశారా?

రైతుల గుంపు అంటున్నారు. 2021 ఏప్రిల్‌లో హరిద్వార్ కుంభమేళా గుంపు మాటేంటి? అంత దూరం ఎందుకు, ఏప్రిల్ 17న మన తిరుపతి ఉపఎన్నిక. కరోనాతో చనిపోయిన ఎంపీ స్థానానికి, కరోనా ఉధృతిలో ఎన్నిక! ప్రచారానికి ఏ పార్టీ రాలేదు? ముఖ్యమంత్రి తన సభ ఒక్కటి రద్దు చేసుకున్నారు, మిగతా ఊరంతా మైకులే. అందులో మా ఎర్ర జెండా కూడా ఉంది, నేనూ కరపత్రాలు పంచాను. దాచను. మే 10 రాత్రి మన ఊళ్లోనే ఆక్సిజన్ ఆలస్యమై ఒకే ఆసుపత్రిలో 11 మంది పోయారని ప్రభుత్వమే చెప్పింది. ఆ రాత్రి తర్వాత ఆ కరపత్రాల గురించి ఎన్నిసార్లు ఆలోచించానో.

రేణిగుంట రోడ్డు మీద ఎండలో నడిచిపోతున్న వలస కూలీలకు పులిహోర పొట్లాలు, చెప్పులు ఇచ్చింది మా పిల్లలే. కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చిన నాటు మందుకు వేలమంది ఎగబడుతుంటే ముందు పరీక్షించండి అని అడిగి తిట్లు తిన్నదీ మా వైపు వాళ్లే. కంటి చుక్కలకు ప్రభుత్వం కూడా అనుమతి ఇవ్వలేదు కదా చివరికి. అది ఎవరూ గుర్తుపెట్టుకోరు.

నిర్వాహకుడు | మధ్యాహ్నం 1:30

ఒక మనవి. ఇద్దరు సభ్యులు ఆ పుస్తకాల గ్రూపులో "విషం" అన్న ఆయన ఎవరో ఊహించి పేర్లు రాశారు. తీసేశాను. మళ్లీ రాస్తే వారం రోజులు ఖాతా ఆపేస్తాను. చర్చ సాగనివ్వండి.

మదనపల్లె టమోటా | మధ్యాహ్నం 2:15

తమ్ముడా, శవాలు మోసినోళ్లకు, పొట్లాలు పంచినోళ్లకు నేను కాళ్లకు మొక్కుతా. గాజులంగడి అన్న అడిగింది వాళ్లను కాదు గదా. రోడ్డు మీద ఉన్నోడు వేరే, ఫోన్‌లో ఉన్నోడు వేరే. ఆనందయ్య మందుకు నేను గూడా పోయొచ్చినా. దొరకలా, తిరిగొచ్చినా. పరీక్ష చెయ్యమని అడిగేది మంచిదే. పోయినోళ్లను గొర్రెలన్నారే, అది మనసులో గుచ్చుకునింది. మా చెల్లెలు మొగుడు ఆసుపత్రిలో మంచం దొరక్క ఇంట్లో పడుకోనుంటే పోయినా నేను. ఇంకేం చెయ్యాల?

రాత్రి డ్యూటీ | మధ్యాహ్నం 2:40

అన్నా, ఇప్పుడు బావగారు ఎలా ఉన్నారు?

మదనపల్లె టమోటా | మధ్యాహ్నం 2:44

బాగుండాడమ్మా. జూన్ 20న మన రాష్ట్రంలో ఒక్క దినంలో 13 లక్షల మందికి టీకా వేసినారే, ఆ దినం మా ఇంట్లో అందరం పోయి వేయించుకున్నాం.

పద్మావతి నగర్ రెండో గేటు | సాయంత్రం 4:50

నేను డిగ్రీ రెండో సంవత్సరం. ఇక్కడ చదవడమే కానీ ఎప్పుడూ రాయలేదు.

మా అమ్మ అపార్ట్‌మెంట్‌లో నాలుగిళ్లు చేస్తుంది. అంట్లు, గుడ్డలు, ఇల్లు తుడవడం. 2020 మార్చి 23 నుంచి వాచ్‌మన్ గేటు లోపలికి రానివ్వలేదు. నాలుగిళ్లలో ఇద్దరు ఏప్రిల్, మే జీతం ఇచ్చారు. ఒకరు తిరుమలలో చిన్న ఉద్యోగం చేసే ఆయన, శనివారం ఉపవాసం ఉంటారు, మడి పాటిస్తారు. ఇంకొకరు మార్వాడీ ఆంటీ. మూడో ఇంట్లో వాళ్లే ఊరికి వెళ్లిపోయారు. నాలుగో మేడం ఆడవాళ్ల హక్కుల మీద చాలా బాగా రాస్తారు. లాక్‌డౌన్‌లో ఇంటి పని మగవాళ్లు కూడా పంచుకోవాలని, ఆ పనికి విలువ కట్టాలని ఆమె రాసింది నేను మా కాలేజీలో చదివి వినిపించాను, అంత నచ్చింది. ఆ మేడం పని చేయని నెలకు జీతం ఎలా ఇస్తామని అన్నారు.

అమ్మ ఆ రెండు నెలలు కంది పప్పు లేకుండా చారు కాచింది. వాలంటీర్ అన్న తెచ్చిన రేషన్ బియ్యంతో గడిచింది. నాకు టీవీలో సప్తగిరి ఛానల్ పాఠాలు చూసే తమ్ముడు ఉన్నాడు. కేబుల్ డబ్బులు కట్టలేక అదీ ఆగింది.

మేడం రాసింది తప్పని నాకు ఇప్పటికీ అనిపించదు. మళ్లీ చదివినా కరెక్టే అనిపిస్తుంది. అందుకే ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ రాశాను.

ఊరవతల | సాయంత్రం 5:20

చెల్లీ, ఆ వ్యాసం నువ్వు పట్టుకో. దాన్ని రాసినామె వదిలేసినా నీది కాకుండా పోదు.

బాలాజీ కాలనీ రిటైర్డ్ | సాయంత్రం 6:00

అమ్మాయీ, మా ఇంట్లో పనిచేసే ఆమెకు నేను ఒక నెల ఇచ్చి, రెండో నెల సగమే ఇచ్చాను. పింఛను ఆగలేదు నాకు. ఇవ్వాల్సింది. ఈ పొద్దే మిగతాది ఇస్తాను.

కేటీ రోడ్డు పాఠకుడు | రాత్రి 9:25

గాజులంగడి మిత్రమా, నన్ను గుర్తుపట్టే ఉంటావు. ఆ రాత్రి నిన్ను గ్రూపులోంచి తీసింది నేనే.

తిరుమల అంత త్వరగా తెరవకూడదని ఆనాడు అన్నాను, ఇప్పుడూ అంటాను. ఆ మాటతో పాటే నీ లాంటి వాళ్లు అన్ని నెలలు ఏం తినాలో కూడా అడగాలి, ప్రభుత్వాన్నీ దేవస్థానాన్నీ నిలదీయాలి. మేం మొదటి సగం చెప్పి ఊరుకున్నాం. మాకు ఒకటో తేదీ జీతం పడింది.

ఢిల్లీ గురించి నువ్వు అడిగిన రోజున టీవీల్లో ఆ రైతులను ఖలిస్తానీలు అంటున్నారు. అదే ప్రశ్నను ద్వేషంతో అడుగుతున్న వాళ్లు రోజుకు పది మంది తగులుతున్నారు. నువ్వు అడిగినప్పుడు నాకు నీ గొంతు వినబడలేదు, వాళ్ల గొంతే వినబడింది. వాళ్లకు ఇవ్వాల్సిన జవాబు నీకిచ్చాను. పదేళ్లుగా తెలిసిన మనిషివి, ఫోన్ చేసి అడగొచ్చు. చేయలేదు. ఆరుబయటికీ మూసిన హాలుకూ తేడా అని ఇక్కడ సోదరి చెప్పిన సంగతి నాకు అప్పుడే తెలుసు, కానీ అది చెబితే ఉద్యమం గురించి అనుమానం మొదలవుతుందని భయపడ్డాను. విషం అన్న మాట నాది కాదు, కానీ ఖండించలేదు.

గ్రూపులో మళ్లీ చేర్చమంటావా?

తేరువీధి గాజులంగడి | రాత్రి 10:10

సార్, గుర్తుపట్టినా. ఇప్పుడే వద్దు సార్. గ్రూపులో ఉంటే మళ్లీ రాసేటప్పుడు చెయ్యి వెనక్కి పోతుంది. మీరిచ్చిన రెండు పుస్తకాలు నా దగ్గిరే ఉండాయి, అట్ట వేసి పెట్టినా. అంగడి పొద్దున ఎనిమిదికే తీస్తా ఉండా. మా అమ్మకు మీరంటే గౌరవం, ఎప్పుడూ అడుగుతా ఉంటుంది. పళ్లెం సంగతి ఆమెతోనే మాట్లాడండి.

రెండో గేటు పాపా, ఆ మేడం మళ్లీ ఏమన్నా ఇచ్చిందా?

పద్మావతి నగర్ రెండో గేటు | రాత్రి 10:32

లేదు అంకుల్. అమ్మ సంక్రాంతి దాకా ఆ ఇంట్లోనే చేసింది, తర్వాత మానేసింది. ఇప్పుడు పక్క బ్లాకులో చేస్తోంది. మేడం లిఫ్ట్ దగ్గర కనబడితే బాగున్నావా అని అడుగుతుందట. బాగున్నానని చెప్తుందట అమ్మ.